మడుగుకి నేను రాసిన మాట

ఆ మాట రాసింది నేనే. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు. రాయపూర్ నుంచి వచ్చిన సర్వే సారు తన ట్యాబ్‌ను నా వైపు తిప్పి, మా ఊరి వాగు మడుగుకి ఎదురుగా ఉన్న గడిలో రెండు ఇంగ్లీషు మాటలు చూపించాడు. ఏది పెట్టమంటారు మేడం అని హిందీలో అడిగాడు. మొదటి మాటకి వాడుకలో ఉంది అని అర్థం. రెండోది అన్‌టాప్డ్. నా వేలు తిన్నగా రెండో మాట మీదికి పోయింది.

మా ఊరు తర్లగూడ రోడ్డు వదిలి లోపలికి నడిస్తే, వాగు అవతలి ఒడ్డున ఉంటుంది. ఇంట్లో తెలుగు, పొలంలో పక్క ఊళ్ళ కూలీలతో దోర్లీ, అంగట్లో హిందీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ మూడు భాషల్లో తిరగడం మాకు పెద్ద విషయం కాదు. ఇంగ్లీషు మాత్రం ఊరు మొత్తానికి నా ఒక్కదానికే వచ్చు. ఆ సంగతిని నేను ఎవరినీ మరిచిపోనిచ్చేదాన్ని కాదు. సర్వేకి దుబాసీ కావాలన్నప్పుడు పంచాయతీ సచివ్ నా పేరే చెప్పాడు. రెండు రోజులు ఆ సారు వెంట చెరువులు, బావులు, కుంటలు చూపిస్తూ ఎండలో తిరిగాను. మూడో రోజు మడుగు దగ్గరికి తీసుకెళ్ళాను.

మడుగు సంగతి కొంచెం చెప్పాలి. శివరాత్రి దాటాక మా వాగు పారడం ఆగిపోతుంది. రెండు పెద్ద బండల నడుమ ఈ లోతైన నీళ్ళు మాత్రమే మిగులుతాయి. వాగులో ఉన్న చేపంతా వచ్చి అక్కడ చేరుతుంది. అప్పుడు మా మేనమామ, అంటే అమ్మ అన్న, ఒక మద్దికొమ్మను ఆకులతో సహా నరుక్కొచ్చి ఒడ్డున పాతుతాడు. దాన్ని మండ పాతడం అంటాం. ఆ మండ కనిపిస్తున్నంత కాలం ఎవరూ వల వెయ్యరు, గాలం కూడా వెయ్యరు. మృగశిర కార్తె నాడు మామ మండ పీకేస్తాడు. అప్పుడు ముసలీ ముతకా అందరం ఒక్కసారే నీళ్ళలో దిగుతాం. పట్టినదంతా ఒకచోట కుప్ప పోసి ఇంటికింత అని పంచుకుంటాం. దిగే మనిషి లేని ఇంటికి కూడా భాగం పోతుంది.

మధ్యలో మండ పీకేది ఒక్కదానికే. ఊళ్ళో ఎవరైనా పోతే, దినం నాడు వండే కూరకి చేప ఈ మడుగు నుంచే రావాలి. మామ మండ తీసి, మూడంటే మూడుసార్లు వల విసిరి, పడినన్ని ఆ ఇంటికి ఇచ్చి, మండ మళ్ళీ పాతేస్తాడు. మనిషికి ఒక్కసారే ఆ మూడు విసుర్లు. వానాకాలంలో పోయినవాళ్ళకైనా అంతే. మా నాన్న దినానికి కూడా అట్లాగే చేశారు. నేను హాస్టల్ నుంచి ఆ రోజుకే వచ్చి చేరాను.

ఇవన్నీ తెలిసే నేను ఆ గడి నింపాను. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ రోజు మామ మడుగు దగ్గరే ఉన్నాడు. మండ ఎండిపోతే కొత్త కొమ్మ పెట్టడానికి వచ్చాడు. సారు ఆయన్ని చూపించి, ఇక్కడ చేపలు ఎవరు పడతారో అడగమన్నాడు. నేను అడిగాను. మామ మొలకు చుట్టిన తువ్వాలు విప్పి భుజం మీద వేసుకుని నిలబడ్డాడు.

“ఎవ్వడు ముట్టడు. ఒక్క పరక చేప కూడ పోదని చెప్పు సారుకి. ఆకలై సచ్చినా ఇటు దిక్కు రారు. మా ఊరోళ్ళు గట్లాంటోళ్ళు.”

దాన్ని హిందీలోకి మార్చి చెప్పాను. సారు గడియారం చూసుకుంటున్నాడు. అంటే వాడుకలో లేదన్నమాట, అన్నాడు. మృగశిర సంగతి చెప్పాలంటే చాలా చెప్పాలి. ఎండ మాడ్చేస్తోంది. అదీగాక ట్యాబ్‌లో ఆ ఇంగ్లీషు మాట కనబడేసరికి నాకు నోరూరింది. “అన్‌టాప్డ్ సార్,” అన్నాను, మా కాలేజీ మేడం పలికినట్టే. ఆయన నవ్వి, మీ ఇంగ్లీషు బాగుంది మేడం అన్నాడు. సాక్షి కింద మామ వేలిముద్ర వేశాడు. ఏమి రాశావని నన్ను అడగలేదు. కోడలు రాసింది, ఇక అడిగేదేముంది అనుకున్నాడు.

ఆ మాటతో నాకు పాత స్నేహం ఉంది. డిగ్రీ అయిపోయిన రోజున ఇంగ్లీషు మేడం నాకొక కాగితం రాసిచ్చింది. ఈ అమ్మాయిలో అన్‌టాప్డ్ పొటెన్షియల్ ఉంది అని అందులో ఒక వాక్యం. బస్సులో కూర్చుని డిక్షనరీ తీశాను. ఉన్నది గానీ ఇంకా ఎవరూ వాడుకోనిది, ఇంకా వెలికి తీయనిది అని అర్థం ఇచ్చారు. పొంగిపోయాను. దిగాల్సిన చోట దిగకుండా రెండు ఊళ్ళు ముందుకు పోయాను. తర్వాత ఆ కాగితాన్ని ఎన్ని ఆఫీసుల్లో చూపించానో లెక్క లేదు. ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు గానీ, ఆ మాట మీద మాత్రం నా ప్రేమ తగ్గలేదు.

ఇప్పపువ్వు ఎండబెట్టడం అయిపోయి తునికాకు పనులు మొదలవుతున్న రోజుల్లో, పంచాయతీ గోడ మీద ఒక లిస్టు అంటించారు. మందులకని సెంటర్‌కి పోతూ ఊరికే ఆగి చదివాను. హిందీలో ఉంది. వాడుకలో లేని నీటి వనరులను చేపల పెంపకానికి పదేళ్ళు ఠేకాకి, అంటే గుత్తకి, ఇస్తారట. కింద ఐదు పేర్లు. నాలుగోది మా మడుగు.

సచివ్ లోపలే ఉన్నాడు. మంచివాడే, విసుక్కోకుండా చెప్పాడు. ఠేకేదారు వచ్చి మడుగు చుట్టూ వల కట్టుకుంటాడు, తన చేపపిల్లలు వేసుకుంటాడు, కావలి మనిషిని పెట్టుకుంటాడు. ఊరివాళ్ళు దిగకూడదు. అభ్యంతరాలుంటే వచ్చే మంగళవారం గ్రామసభలో చెప్పొచ్చు, సర్వే సారు కూడా వస్తాడు. అదే రోజు సాయంత్రం లిస్టు పైకి పోతుంది. పోయాక ఇక మన చేతిలో ఏమీ ఉండదు.

“వాడుకలో లేదని ఎవరు చెప్పారు?” అని అడిగాను.

“మీరే కదా మేడం వెంట తిరిగింది,” అన్నాడు.

మంగళవారానికి ఆరు రోజులుంది. అందులో మూడు రోజులు నేను ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో ఇంకెవరూ ఆ గోడ చదవరని నాకు తెలుసు. చదివేదాన్ని నేనే. రాసిందాన్నీ నేనే. మామ రోజూ పొద్దున్నే మా వాకిట్లోకి వచ్చి టీ తాగి, మండ ఎట్లా ఉందో చూసి రావడానికి మడుగు వైపు పోతుంటే ఆయన వీపు చూస్తూ కూర్చునేదాన్ని. అన్నం సయించలేదు. అమ్మ ఏమైందంటే తలనొప్పి అన్నాను. చిన్నదానికి పెద్దదానికి ఆమె మీద ఎగిరిపడ్డాను. తప్పు చేసిన రోజుల్లో నా నోరు రెండింతలవుతుంది.

ఆ మూడు రోజులూ డిక్షనరీ ముందు వేసుకుని కూర్చున్నాను. అర్థం సరిగ్గానే ఉంది, నేను తప్పు మాట రాయలేదు. అర్థం కింద ఇచ్చిన ఉదాహరణలు మాత్రం మొదటిసారి నిదానంగా చదివాను. అన్‌టాప్డ్ మార్కెట్. అన్‌టాప్డ్ ఖనిజాలు. అన్‌టాప్డ్ అడవి. ఆ మాట అంటున్నది ఎవరు అని చూస్తే, ప్రతిసారీ కొత్తగా వచ్చినవాడే. తన ఇంట్లో ఉన్నదాన్ని ఎవరూ ఆ మాటతో పిలవరు. ఎండాకాలం చివర్లో పిల్లలు ఆకలని ఏడుస్తున్నా అమ్మ గుమ్మిలో విత్తనం వడ్లు ముట్టకుండా ఉంచేది. వాటిని వాడని వడ్లు అంటే అమ్మ చీపురు తిరగేసేది. అవి ఉంచిన వడ్లు. ఉంచడం కూడా ఒక పనే. చేసేవాళ్ళకి తెలుస్తుంది ఎంత కష్టమో. ఆ కష్టానికి డిక్షనరీలో మాట ఉందేమోనని ముందుకీ వెనక్కీ తిప్పాను గానీ, నాకు దొరకలేదు. నా కాగితంలోని వాక్యం కూడా గుర్తొచ్చి ఒళ్ళు మండింది. నాన్న పోయాక పొలం పని, ఇంటి పని, అమ్మ మందులు, అన్నీ చూసుకుంటూ చదివినదాన్ని నేను. ఇంకా ఎవరూ వాడుకోలేదట నన్ను!

నాలుగో రోజు పొద్దున మామ టీ గ్లాసు కింద పెట్టేదాకా ఆగి, మొత్తం చెప్పేశాను. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి వింటోంది. మామ తిట్టలేదు. తిడితే బాగుండేది.

“ఆ మాటకు అర్థం ఏంది బిడ్డా?”

“ఉంది గానీ ఎవరూ ముట్టలేదు అని, మామా.”

“మరి నిజమే గద. ఎవ్వరం ముట్టలే. నువ్వు అబద్ధం ఏం రాసినవ్?”

నేను ఏడ్చేశాను. నిజమే చెప్పాడు ఆయన, గర్వంగా చెప్పాడు. నేను నిజమే రాశాను, నేనూ గర్వంగానే రాశాను. మా ఇద్దరి గర్వం కలిసి ఊరి మడుగుని గోడకెక్కించింది. అమ్మ మాత్రం ఊరుకోలేదు.

“నీ ఇంగ్లీషు తగలెయ్య. వాడుకుంటున్నం అని ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయె?”

మంగళవారం గ్రామసభకి ఊరంతా వచ్చింది. నేనే ఇల్లిల్లూ తిరిగి చెప్పాను, నా మాట వల్ల జరిగిందని కూడా చెప్పాను. కొందరు మొహం తిప్పుకున్నారు. పంచాయతీ ముందు టార్పాలిన్ పట్టాలు పరిచి కూర్చున్నారు. సారు కుర్చీలో, పక్కన సర్పంచ్, సచివ్. నేను నిలబడి మృగశిర సంగతి, మండ సంగతి, దినం సంగతి, ఆ రోజు చెప్పనివన్నీ చెప్పాను. హిందీలో చెప్పి, తెలుగులో చెప్పి, దోర్లీలో కూడా చెప్పాను.

సారు శ్రద్ధగా విన్నాడు. చెడ్డవాడైతే నాకు తిట్టుకోవడానికి వీలుండేది. ఆయన ట్యాబ్ తెరిచి చూపించాడు. గడి మార్చొచ్చు మేడం, కానీ మార్చాలంటే వాడుతున్నట్టు ఫోటో కావాలి, ఫోటో లేకుండా ఇది ముందుకు పోదు, అన్నాడు. పోయిన ఏడాది మృగశిర ఫోటో ఒక్కటి ఇవ్వండి చాలు.

అందరూ ఫోన్లు తీశారు. మృగశిర నాడు ఊరంతా నీళ్ళలోనే ఉంటుంది కదా, ఫోన్లన్నీ ఇళ్ళల్లో గూళ్ళలో ఉంటాయి. వెతగ్గా వెతగ్గా ఒక ఆమె ఫోన్లో ఒకటి దొరికింది. బురద కొట్టుకున్న మొహాలతో నలుగురు ఆడవాళ్ళు నవ్వుతున్నారు. వెనక మా ఇంటి గోడ. నీళ్ళూ లేవు, చేపా లేదు. సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు.

“నాలుగింటికి లిస్టు పంపాలి,” అన్నాడు. “ఇప్పుడు పదకొండయింది. మడుగు దగ్గరికి పోదాం. ఎవరైనా ఒక్కసారి వల వెయ్యండి. నేనే ఫోటో తీసి మార్చేస్తాను. రెండు నిమిషాల పని.”

నేను తెలుగులో చెప్పాను.

సర్పంచ్ మొదట తేరుకున్నాడు. “ఒక్క వలే గద. మండ పీకి, ఒకటి ఏసి, మళ్ళ పాతుదాం. ఏమైతది?”

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలామె లేచి నిలబడింది. ఎవరికీ ఏమీ కాకుండా ఒంటరిగా బతికే మనిషి, మృగశిర భాగం మీద ఆశ పెట్టుకునే మనిషి. “ఏమైతదా? ఇయ్యాల నువ్వు అవసరమని పీకుతవ్. రేపు ఇంకొకడు సుట్టాలొచ్చిన్రని పీకుతడు. ఎల్లుండి మూడోవాడు ఊకెనే పీకుతడు. ఠేకేదారు పదేండ్లల్ల తినేది మనమే పది దినాలల్ల తింటం. నాకు అప్పుడు ఎవడు పెడ్తడు?”

సగం మంది ఆమె వైపు, సగం మంది సర్పంచ్ వైపు అరవడం మొదలుపెట్టారు. ఆమె చెప్పింది నిజమని నాకు తెలుసు. సర్పంచ్ చెప్పింది చెయ్యకపోతే నాలుగింటికి మడుగు పోతుందనీ తెలుసు. వల వేస్తే మండకి విలువ పోతుంది, వెయ్యకపోతే మడుగే పోతుంది. సారు ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూస్తున్నాడు, వీళ్ళేమంటున్నారో చెప్పమని. నేను చెప్పలేదు. ఆ మాట మీద ఆ రోజు నా వేలు పడకుండా ఉంటే ఎంత బాగుండేది అని ఒక్కటే అనుకుంటున్నాను.

మామ అప్పటిదాకా వేపచెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని ఉన్నాడు. లేచి తువ్వాలు దులుపుకున్నాడు. ఆయన లేవగానే అరుపులు ఆగాయి.

“చావుకు తియ్యొచ్చు గద,” అన్నాడు.

“తియ్యొచ్చు. ఎవలు సచ్చిన్రు ఇప్పుడు?” అన్నాడు సర్పంచ్.

“నా పేరు మీద తీస్త. నా మూడు ఇసుర్లు అట్లనే ఉన్నయ్ గద. ఇయ్యాల నా దినం అనుకోండ్రి.”

వెనక వరసలోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. “అన్నా, అదేం మాట! బతికున్న మనిషికి దినమేంది?”

“రేపు నేను పోయినంక నువ్వు చేసేది అదే గద చెల్లె. నాలుగొద్దులు ముందు చేస్తున్నవ్, అంతే.”

“మరి నిజంగ పోయిన్నాడు?”

“అప్పుడు పప్పు వండు,” అన్నాడు మామ. “మండకు మాట రాదు, మడుగు ఉంటది. ఇంకేం గావాలె?”

ఆ మాటలో వంకర లేదు. రివాజు ఎక్కడా తెగలేదు. చావుకి తీయొచ్చు, మనిషికి ఒక్కసారి తీయొచ్చు. ఆ ఒక్కసారి ఎప్పుడు వాడుకోవాలన్నది ఆ మనిషి ఇష్టం అని ఎవరూ ఇంతకుముందు అనలేదు, అంతే. మామ భార్య, మా అత్తమ్మ, పోయి రెండేళ్ళయింది. పిల్లలు లేరు. ఆయనకి చెయ్యాల్సింది మేమే. ఆ దినాన్ని ఆయన చేతులారా ముందుకి లాక్కుంటున్నాడు. నేను రాసిన ఒక్క మాట కోసం.

సారుకి చెప్పాల్సి వచ్చింది. పుట్టినప్పటినుంచి వినే హిందీ, ఆ నిమిషాన నా నోటికి రాలేదు. ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఈయన చనిపోయినట్టు లెక్క, అందుకని వల వేస్తున్నాడు. నిజంగా చనిపోయినప్పుడు ఇక ఈయనకి ఉండదు. సారు మొహం మాడిపోయింది. ఇదంతా ఎందుకు, ఒక్క ఫోటోకి కదా, అన్నాడు. మాకు ఒక్క ఫోటో కాదు సార్, అన్నాను. నా గొంతులో కోపం వినిపించి ఉండాలి. ఆయన ట్యాబ్ తీసుకుని లేచాడు.

మడుగు దాకా అందరం నడిచాం. మధ్యాహ్నపు ఎండకి బండలు కాలుతున్నాయి. మామ మండ పట్టుకుని ఒక్క గుంజు గుంజి పక్కన పడుకోబెట్టాడు. మామూలుగా దినానికి వల వేసేటప్పుడు పోయిన మనిషి వరస చెప్పి పిలుస్తాడు, మా నాన్నకి బావా అని పిలిచాడట. ఈసారి ఎవరిని పిలవాలో తెలియనట్టు కొంచెంసేపు ఆగాడు. ఏమీ అనకుండానే విసిరాడు.

మొదటి విసురుకి నాచు వచ్చింది. రెండోదానికి గుప్పెడు పరకలు, ఒక జెల్ల. సారు ట్యాబ్ ఎత్తి పట్టుకున్నాడు. నేను లోపల లోపల మొక్కుతున్నాను. ఊరందరికీ తలా ఒక ముక్క అయినా రావాలి. లేకపోతే దినం సాగినట్టు కాదు. మూడో విసురు బండ కిందికి పోయింది. మామ తాడు లాగుతుంటే తాడు ఆయన్నే లాగింది. ఇద్దరు నీళ్ళలోకి దూకి పట్టుకున్నారు. మోచేయంత కొర్రమట్టలు మూడు, ఇంకా చిన్నవి బోలెడు. ఎవరో సంతోషంతో కేక పెట్టబోయి, ఇది ఏ వలో గుర్తొచ్చి నోరు మూసుకున్నారు.

సారు ఫోటో తీశాడు. గడిలో మాట మార్చి, మార్చినట్టు నాకు చూపించాడు. వాడుకలో ఉంది. తర్వాత వచ్చిన లిస్టులో నాలుగే పేర్లున్నాయి, మా మడుగు లేదు. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆ రోజు నాకు అది సంతోషంగా అనిపించలేదు. మామ మండను మళ్ళీ పాతి, మొదట్లో రాళ్ళు పేర్చి, చేతులు కడుక్కున్నాడు.

కూర మా ఇంట్లోనే వండాలి, చెల్లెలి ఇల్లు కాబట్టి. అమ్మ నాతో మాట్లాడలేదు. చేపలు బూడిదతో రుద్దుతూ, ముక్కలు కోస్తూ, చింతపండు పిసుకుతూ ఏడుస్తూనే ఉంది. నేను పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు తరిగాను. ఒకసారి మాత్రం, “అన్నకు పులుపు ఎక్కువుండాలె,” అని తనలో తనే అనుకుని, అన్న తినడని గుర్తొచ్చి గరిటె కింద పెట్టేసింది. దినం ఎవరిదో వాళ్ళు ఆ కూర తినరు కదా.

వాకిట్లో వరసగా విస్తర్లు వేశారు. వల చూసిన వాళ్ళందరూ తినాలి, అది రివాజు. సారుకి చెప్తే, బూట్లు విప్పి, ముసలామె పక్కన నేల మీద కూర్చున్నాడు. పోయినవాళ్ళ పేర వేసే విస్తరి గడప బయట వేశారు. దాన్ని చూడలేక నేను మొహం తిప్పుకున్నాను. మామ ఆ విస్తరికి కొంచెం అవతల, మంచం మీద కూర్చుని తింటున్న ఊరిని చూస్తున్నాడు. అమ్మ ఆయనకి వేరేగా గంజీ పచ్చడీ ఇచ్చింది. ఆయన తాగలేదు, గిన్నె పక్కన పెట్టుకున్నాడు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని అట్లాగే కూర్చున్నాను. మామ నన్నే చూస్తున్నట్టుంది. చెయ్యి ఊపి దగ్గరికి పిలిచాడు. విస్తరి ముందు నుంచి లేవకూడదు గానీ లేచి పోయాను.

“కూర ఎట్లుంది బిడ్డా?” అన్నాడు మెల్లగా, ఎవరికీ వినబడకుండా. “ఉప్పు సరిపోయిందా? నా దినం కూర నేను రుచి సూడరాదు గద, నువ్వే చెప్పాలె.”

అమ్మ ఆ ఏడుపులో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. వరసలో కూర్చున్న ఒక్కరు కూడా ఆ మాట అనలేదు.

“సరిపోయింది మామా,” అన్నాను.